ప్లస్ ముందు ఆగిన పెన్ను

చిట్టితల్లికి బైండరు తాత దీవెనలు.

ముందుగా ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న మీ అక్కకు ఒక మాట. అమ్మా, నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, ఏమీ అనుకోకు. మా పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను, అంతే. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడుండాల్సినవి అక్కడ ఉండవు. తప్పు కనబడితే సొంతంగా దిద్ది చదవకు. ఉన్నది ఉన్నట్టే చదువు. ఇంతగా ఎందుకు బతిమాలుతున్నానో కొంచెం కిందికి వెళ్తే నీకే తెలుస్తుంది.

తల్లీ, మొన్న మీ అక్క నా గదికి వచ్చింది. సప్లిమెంటరీ పరీక్ష వచ్చే నెల పన్నెండున ఉందని, ఈసారి కూడా నేనే వచ్చి రాసిపెట్టాలని నువ్వు చెప్పి పంపావంది. నాకు కళ్ళు సరిగా ఆనడం లేదన్నాను. అది అబద్ధం. మీ అక్కకు అప్పుడే దొరికిపోయాను కూడా. ఆ మాట అంటూనే సూదిలో దారం ఎక్కించాను, ఒక్క పట్టున ఎక్కింది. ఆమె సూది వంక చూసింది, నా వంక చూసింది, చెప్పులు వేసుకుంది. మెట్లు దిగుతూ మాత్రం, "తప్పిన పిల్ల పక్కన కూర్చోవడం నామోషీగా ఉంటే ఆ మాటే చెప్పొచ్చు కదా తాతగారూ" అంది.

ఆ మాట నీ దాకా వచ్చే ఉంటుంది. నామోషీ కాదమ్మా. అసలు సంగతి నోటితో చెప్పలేను. నాలుగు మాటలు వరసగా మాట్లాడితే ఐదో మాటకు నాకు దగ్గొస్తుందని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

లైబ్రరీ గుమాస్తా నిన్ను మొదటిసారి నా గదికి తీసుకొచ్చిన రోజు, నువ్వు గుమ్మంలోనే ఆగి గాలి పీల్చి, "జిగురు ఉడుకుతోంది, అడుగంటేలా ఉంది" అన్నావు. నిజంగానే అడుగంటింది. చూపు లేని పిల్లలు పరీక్షలో చెబుతుంటే పక్కన కూర్చుని రాసే మనిషికి ఆ సబ్జెక్టు ఏమాత్రం తెలిసి ఉండకూడదట. కాలేజీ రూలు అది. నువ్వు చేరింది వ్యాపారం కోర్సు, అందులో రాయాల్సింది కాలిక్యులస్. "అందుకే నీ దగ్గరికి తెచ్చాను. ఈ కాలేజీలో నీకన్నా తెలియనివాడు ఇంకెవడున్నాడు" అని గుమాస్తా నవ్వాడు. నువ్వు నవ్వలేదు. నిజంగానే రాదా అని అడిగావు. కూడికా తీసివేతా వచ్చు, పన్నెండో ఎక్కం దాకా వచ్చు అన్నాను. నలభై ఏళ్ళుగా ఈ గదిలో పుస్తకాలు కుడుతున్నాను గానీ ఒక్కటీ చదవలేదన్నాను.

"అయితే మీరే కావాలి" అన్నావు.

ఎందుకో తర్వాత చెప్పావు. అంతకుముందు పరీక్షకు మీ బాబాయి రాసిపెట్టాడు. నువ్వు చెప్పినదానికి తన తెలివి కలిపి రాశాడు. ఫలితాలు వచ్చాక వీధిలో ప్రతి గడపకూ వెళ్ళి "మా పిల్లని నేనే గట్టెక్కించాను" అని చెప్పుకొచ్చాడు. ఆ సంగతి చెబుతూ నువ్వు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నావు. "పాసైతే నా తలతో పాసవ్వాలి తాతగారూ. తప్పినా నా తలతోనే తప్పాలి." ఆ మాట నా చెవిలో ఉండిపోయింది.

ఆ మూడు నెలల మధ్యాహ్నాలు తలుచుకుంటే అవి నిజంగా జరిగాయో, కునుకులో చూశానో అనిపిస్తుంది. కిటికీలోంచి ఎండ బల్ల మీదికి జారేది. అందులో కాగితం పొట్టు తేలుతూ ఉండేది. నువ్వు గోడకు ఆనుకుని మెల్లగా చెబుతుంటే నేను రాసేవాణ్ణి. ఎక్స్ నెత్తిన చిన్న రెండు ఎలా కూర్చోబెట్టాలో, ఒక సంఖ్య కింద ఇంకో సంఖ్య ఎలా వేలాడాలో నేర్చుకున్నాను. నాకవి అక్షరాల్లా కనిపించేవి కావు. బొమ్మల్లా ఉండేవి.

ఒకరోజు లెక్కల మేడమ్ క్లాసులో బోర్డు మీద వంపు గీత గీసిందని, అందరూ 'ఓహో' అన్నారని, నీకు ఆ 'ఓహో' మాత్రమే వినబడిందని చెప్పావు. నువ్వు వెళ్ళాక అట్టముక్క మీద ఆ వంపును గీసి, దాని వెంట కుట్టు దారం అంటించాను. మర్నాడు నీ చేతిలో పెట్టాను. నువ్వు వేలితో ఎక్కుతూ వెళ్ళావు, దిగుతూ వెళ్ళావు. తర్వాత కాగితం మడత నొక్కే నా చిన్న బద్ద అడిగి తీసుకుని, దాన్ని దారం మీద ఆనించి జరుపుతూ పోయావు. మొదట్లో అది నిటారుగా లేచి ఉంది. పోనుపోను వాలింది. నడినెత్తికి వచ్చేసరికి పడుకుంది.

"ఇక్కడ ఇది ఎటూ వంగలేదు తాతగారూ. లాభం ఇంతకన్నా పైకి పోదు. ఈ చోటు పట్టుకోవడమే మా చదువంతా."

ఆ రోజు సాయంత్రం కాలువ వంతెన మీదుగా ఇంటికి నడుస్తున్నాను. ఎన్నేళ్ళుగానో నడిచే వంతెనే. ఎక్కుతున్నప్పుడు మోకాళ్ళు నొప్పి, దిగుతున్నప్పుడు నొప్పి. నడిమధ్య ఒక్క అడుగు మేర నొప్పి లేదు. అక్కడ నిలబడిపోయాను. కింద నీళ్ళు కూడా ఆగినట్టే ఉన్నాయి. నేను నేలమీద లేనట్టు, చిన్నప్పుడు ఉయ్యాల పైకి పోయి ఇంకా కిందికి రాకముందు ఉన్నట్టు అనిపించింది. వెనక సైకిలాయన గంట కొట్టి కొట్టి, "తాతా, నిద్రపోవాలంటే ఇంటికెళ్ళు" అన్నాడు.

తల్లీ, నేను చెడిపోయింది అక్కడే. ఆ రోజు నుంచి నువ్వు చెప్పేవి ఊరికే రాయలేకపోయాను. చెవి వినేది, చెయ్యి రాసేది, లోపల ఇంకెవరో కూర్చుని ఎందుకూ అని అడిగేవారు. నువ్వు లెక్కలు పైకి చెప్పుకుంటూ నీకు నువ్వే బోధించుకునేదానివి. నాకూ ఎక్కేది. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే ఏమవుతుందో ఒకసారి చెప్పుకున్నావు. వానలో తలుపు తీస్తే గదిలో ఒక్కరే తడవరు, అందరూ తడుస్తారు, అలాగే లోపలున్న ప్రతిదాని గుర్తూ మారాలి అన్నావు. నీకోసం అనుకున్న మాట. నేను దాచుకున్నాను.

పరీక్ష రోజు ఫారం మీద సంతకం పెట్టమన్నారు. ఈ సబ్జెక్టు నాకు తెలియదని అందులో రాసి ఉంది. నువ్వు పక్కనే ఉన్నావు. పెట్టేశాను.

కుర్చీల లెక్క వచ్చింది. నెలకు ఎన్ని కుర్చీలు చేస్తే లాభం అన్నిటికన్నా ఎక్కువ అని. రాబడిలోంచి ఖర్చు తీసెయ్యాలి. రాబడి వంద ఎక్స్ మైనస్ ఎక్స్ స్క్వేర్. ఖర్చు బ్రాకెట్లో ఉంది, మూడు వందలు ప్లస్ ఇరవై ఎక్స్. ముందు మైనస్. నువ్వు బ్రాకెట్ విప్పావు. "మైనస్ మూడు వందలు" అన్నావు, రాశాను. "ప్లస్ ఇరవై ఎక్స్" అన్నావు.

మొదటివాడే తడిశాడు, రెండోవాడు తడవలేదు. నాకు తెలిసిపోయింది. నా పెన్ను ఒక్క క్షణం ఆగింది. నీకు తెలిసి ఉండదు, అంత చిన్న క్షణం. అడ్డగీత ఒక్కటి గీసి ఊరుకుంటే మైనస్. నిలువుగీత కూడా గీస్తే ప్లస్. అడ్డగీత గీశాను. నీ బాబాయి గుర్తొచ్చాడు. నిలువుగీతా గీశాను. చివర్లో నువ్వు "అరవై కుర్చీలు" అన్నావు, అరవై అని రాసి కింద రెండు గీతలు గీశాను.

ఆ లెక్కకు ఎనిమిది మార్కులు. నువ్వు తప్పింది నాలుగు మార్కులతో.

నీకు తెలియక తప్పావనుకుంటున్నావు. నీ పక్కన కూర్చున్నవాడు గొయ్యి చూస్తూ కూడా నోరు మూసుకున్నాడు. దిద్ది ఉంటే నిన్ను మోసం చేసినవాణ్ణి. దిద్దనందుకు ఇప్పుడు అన్నం సహించడం లేదు. ఏది మంచిదో నాకు తెలియదు. ఒక్కటి తెలుసు, ఆ ఫారం మీద రెండోసారి సంతకం పెట్టలేను. సోమవారం గుమాస్తాతో చెప్పేస్తాను. నీకు ఇంకో మనిషిని వెతుకుతాను. నన్ను తిట్టాలనిపిస్తే మీ అక్క చేత రాయించు. మెత్తబరచకుండా రాయమను.

ఇట్లు,
నీ మంచి కోరే
బైండరు తాత


చిట్టితల్లికి, బైండరు తాత మళ్ళీ రాయునది.

నీ కవరు అందింది. లావుగా ఉంటే ఏమిటా అనుకున్నాను. విప్పితే అట్టముక్క. దాని మీద దారం, నీ చేతులతో అంటించిందే. జిగురు ఎక్కువ పెట్టావు, కలిసినప్పుడు చెబుతాను దాని సంగతి. వెనక మీ అక్క రాత, "కళ్ళు మూసుకుని వేలితో చదవండి" అని. తలుపు దగ్గరగా వేసి, కళ్ళు మూసుకున్నాను. నా వేలు ముదురు వేలు, సూదిపోట్లతో గట్టిపడింది, మొదట ఏమీ తెలియలేదు. మెల్లగా తెలిసింది. వంపు కాదు. తిన్నగా పోతోంది. పోయి పోయి ఒకచోట దారం లేదు. గోరు పట్టేంత ఖాళీ. మళ్ళీ మొదలై చివరిదాకా తిన్నగా పోయింది.

అప్పుడు ఉత్తరం చదివాను. అందులో నీ మాటలు నాకు నోటికొచ్చేశాయి. "అది ఆ రోజు మీ పెన్ను చప్పుడు తాతగారూ. నేను చెప్పడానికీ మీరు రాయడానికీ మధ్య మూడు నెలల్లో ఒక్కసారీ ఖాళీ లేదు. ఆ ప్లస్ ముందే వచ్చింది. తప్పు చెప్పానని అప్పుడే తెలిసింది, ఏం తప్పో కూడా తెలిసింది. కొట్టేసి మళ్ళీ రాయండి అంటే రాసేవారు. అప్పుడు పాసయ్యేది మీ పెన్ను. అందుకే ఊరుకున్నాను."

కాగితం బల్ల మీద పెట్టాను. ఒకే బల్ల దగ్గర, మూరెడు దూరంలో ఇద్దరం, ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ నోరు మెదపలేదు. ఆ గదిలో కాపలా తిరిగిన ఆయన మనల్ని చూసి ఎంత బుద్ధిగా రాస్తున్నారో అనుకుని ఉంటాడు. ఎండ ఎప్పటిలాగే బల్ల మీదికి జారింది. నువ్వు గోడకు ఆనుకుని ఉన్నట్టే అనిపించింది, ఒకసారి తలెత్తి చూశాను కూడా.

"నేర్చుకున్నందుకు క్షమాపణ అడిగే మనిషిని మిమ్మల్నే చూశాను" అని రాయించావు. ఆ ముక్క గుమాస్తాకు చదివి వినిపించాను. పరీక్ష రాసిపెట్టేవాళ్ళ జాబితాలో నా పేరు కొట్టేస్తూ అతను నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నలభై ఏళ్ళలో నీ మీద వచ్చిన ఒక్క ఫిర్యాదు చదువొచ్చిందని" అన్నాడు.

ఇక నీ షరతు. "చెయ్యి ఆగని మనిషిని చూడండి" అన్నావు. చూశాను. వీధి చివర కటింగ్ షాపు ఆయన. కత్తెర ఆడించే చెయ్యి, మధ్యలో ఆగదు. చదువు నా అంతే, రాత మాత్రం ముత్యాలే, షాపు ముందు బోర్డు ఆయన రాసుకున్నదే. షాపుకు సెలవు కాబట్టి మంగళవారం పూట నా గదిలో కూర్చోబెట్టి గుర్తులు రాయిస్తున్నాను. గుర్తులు నేర్పాలి, వాటి అర్థం తెలియనివ్వకూడదు. పుస్తకం కుట్టడం కన్నా కష్టమైన పని ఇదే చూశాను. ఆయన నోరు ఊరుకోదు. ఎక్స్ అంటే ఎవరు అంటాడు. నీకెందుకయ్యా అంటాను. నెత్తిన ఆ రెండు ఎందుకు మోస్తున్నాడు అంటాడు. దగ్గొచ్చినట్టు దగ్గుతాను. నిన్న బ్రాకెట్ ముందున్న గీత మీద వేలు పెట్టి, "ఇది లోపలివాళ్ళని ఏమైనా అంటుందా" అన్నాడు. పుస్తకం మూసేసి జుట్టు కత్తిరించమన్నాను. కత్తిరించడానికి అక్కడ ఏమీ లేదని ఆయనకూ తెలుసు. పరీక్ష పన్నెండున, ఆ లోపు ఆయనకేమీ అర్థం కాకుండా చూసే పూచీ నాది. ఆ రోజు నేను కూడా వస్తాను. బయట వరండాలో బెంచీ మీద కూర్చుంటాను, పెన్ను చప్పుడు వినబడనంత దూరంలో.

చివర్లో, ఆ కుర్చీల లెక్క నువ్వు మళ్ళీ చేశానని, ఎంతొచ్చిందో చెప్పనని, ముందు నన్ను చేసి రాయమని అడిగావు. పరీక్ష రోజు నాకు ఆ గుర్తు తప్పని తెలుసు గానీ, లెక్క చివరిదాకా పోలేదు. తర్వాత భయం వేసి ముట్టుకోలేదు. నీ ఉత్తరం వచ్చాక ముట్టుకున్నాను. మీ పద్ధతి నాకు పూర్తిగా రాదు. నా పద్ధతిలో చేశాను. పది కుర్చీలకు లాభం ఎంత, ఇరవైకి ఎంత, ఇలా గుణించుకుంటూ పోయి, ఆ ఎత్తుల్లో చుక్కలు పెట్టి దారం అంటించాను. ఇరవైకీ అరవైకీ ఒకే ఎత్తు వచ్చింది. ముప్పైకీ యాభైకీ ఒకే ఎత్తు. నువ్వు చెప్పిన ఆ అరవై దగ్గర దారం అప్పటికే బాగా కిందికి దిగుతోంది తల్లీ. జిగురు ఆరనిచ్చాను. కళ్ళు మూసుకుని, బద్ద ఆనించి, నువ్వు జరిపినట్టే జరుపుతూ పోయాను. లేచింది, వాలింది, ఒకచోట పడుకుంది. ఎంతసేపు దాన్ని అలా పట్టుకుని ఉన్నానో తెలియదు. వంతెన మీద నిలబడినట్టే ఉంది, ఈసారి వెనక సైకిలు లేదు.

కళ్ళు తెరిచి చూస్తే నలభై మీద ఉంది.

ఈ వయసులో ఒక లెక్క చేసి జవాబు కోసం ఎదురుచూడటం నాకు ఇదే మొదలు. దిద్దేది నువ్వే. నీకెంత వచ్చిందో త్వరగా రాయించు, రోజూ పోస్టాయన వచ్చే వేళకు గుమ్మంలోనే ఉంటున్నాను.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తూ
బైండరు తాత