లోపలి మడత

హిందూపురం,
మే 2006

మామకు,

నీవు నేసిన పట్టుచీరలు వెలిసిపోయినాయని అంగడాయన వెనక్కి ఇస్తున్నాడని అత్త ఫోనులో ఏడ్చింది. తీసుకోవద్దు. తప్పు నీ రంగుది కాదు, నేను బిగించిన అద్దాలది. ఇక్కడ ఆసుపత్రికి, పెనుకొండలో కల్యాణమండపానికి, మీ ధర్మవరంలో ఆ చీరలంగడికి, అన్నిటికీ ఇట్లే కట్టమని ఒకటే సింగపూరు అద్దాల మేడ ఫోటో నా చేతిలో పెట్టినారు!

"పడమటి ఎండకు పట్టు నిలవదు సామీ, అద్దాల పైన నీడకు సజ్జ పోయించు" అని ఆ అంగడాయనకు అప్పుడే చెప్పినాను.

"ఏమబ్బా, ఈ ఫోటోలో యాడుండాది సజ్జ?" అని నవ్వినాడు.

మూడు నెలలు అద్దం వెనకాల ఎండబెట్టిన ఆ చీరలను నలుగురి ముందర విప్పించు. ఎండ తగలని లోపలి మడతలో నీ రంగు నిన్న అద్దినట్టే ఉంటుంది. ఆదివారం నేనూ వస్తాను. అద్దం బిగించినవాడే చెప్తే ఎట్లా కాదంటాడో చూస్తాను.

నీ మేనల్లుడు