కిటికీ పక్క మంచం

సోన్ నది, మాకాన్ రేవు
ఏప్రిల్ 24, 1974

ప్రియమైన అమ్మకు,

నీ క్లోతిల్డ్ ముద్దులతో రాసేది. ఇక్కడ నేనూ, నీ అల్లుడు ఆన్సెల్మూ, నీ మనవరాలు ఓడిలూ, మేముండే పడవా నలుగురం కులాసాగా ఉన్నాం. పడవని కలపకపోతే నీకు కోపం వస్తుందని తెలుసు. అక్కడ దువేలో నీ మోకాలి నొప్పి ఎండలు రాగానే తగ్గిందని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం లియోన్ రేవు ఆఫీసులో దొరికింది. అడిగినవి అడిగినట్టే చెప్తాను. పడవ అడుక్కి తారు పూత అయిపోయింది. నా దగ్గు పూర్తిగా పోయింది. నువ్వు పంపిన ఊలు చొక్కా ఓడిల్‌కి చేతుల దగ్గర పొడుగైంది, మడిచి తొడుగుతున్నాను. జెరేనియం కుండీల్లో ఒకటి చలికి చచ్చింది, మిగతావి చిగురేశాయి. ఇక ఆఖర్న రాశావు చూడు, "పిల్లకి బడిలో చోటు దొరికిందా? కిటికీ పక్క మంచం అడిగావా?" అని. దానికి ఒక్క ముక్కలో జవాబు రాయలేక ఇప్పటికి రెండు కాగితాలు చింపేశాను.

లియోన్‌లో గోధుమలు దించడానికి మా వంతు వచ్చేసరికి నాలుగు రోజులు పడుతుందన్నారు. ఎలాగూ ఆ బడి ఊళ్ళోనే ఉంది కదా అని, నీ అల్లుడి పినతల్లి కూతురు ఫిర్మీన్ వాళ్ళింట్లో దిగాం. కొండ మీద ఐదో అంతస్తు. మూడో అంతస్తుకే నా పిక్కలు పట్టేశాయి. ఫిర్మీన్ పైనుంచి వంగి, "రండి రండి, నీటికోళ్ళూ! ఈదడం తప్ప ఎక్కడం రాదు మీకు," అని ఒకటే నవ్వు. పొద్దున ఓడిల్ లేచి కిటికీలోంచి చాలాసేపు చూసి, "అమ్మా, ఈ ఇల్లు ఎప్పుడు బయల్దేరుతుంది?" అంది. ఫిర్మీన్ చేతిలో కాఫీ ఒలికిపోయింది.

వసంతంలో ఊరు ఎంత బాగుందో చెప్పలేను. వీధి మలుపుల్లో లిలాక్ పూలు అమ్ముతున్నారు. పిల్ల గులాబీరంగు బాదం మిఠాయి రొట్టె తిని మూతంతా ఎర్రగా చేసుకుంది. ఆన్సెల్మ్ మాత్రం ప్రతి వంతెన మీదా ఆగిపోవడమే. "క్లో, ఇరవై ఏళ్ళుగా దీని పొట్టే చూశాను. వీపు చూడ్డం ఇదే మొదలు," అన్నాడు. నాకూ సరదాగానే ఉంది. కానీ బడికి వెళ్ళాల్సిన గురువారం దగ్గర పడేకొద్దీ నాకు తిండి సహించలేదు.

గురువారం బడికి వెళ్ళాం. పడవల వాళ్ళ పిల్లలకోసమే పెట్టిన బడి, అక్కడే ఉండి చదువుకోవాలి. ఎత్తు గోడలు, మధ్యలో పెద్ద వాకిలి. ఓడిల్‌ని అందులో వదిలాం. అది పది పన్నెండడుగులు పరిగెత్తి టక్కున ఆగి వెనక్కి చూసింది. నాకు ముందు అర్థం కాలేదు. పడవ మీద దాని నడుముకి కట్టే తాడు అంతవరకే వస్తుంది, అమ్మా. తాడు లేదని దానికి తెలియడానికి కాస్త పట్టింది. తెలిశాక ఇంక ఆగలేదు. ఆ గోడ ముట్టుకుని ఈ గోడకి, ఈ గోడ ముట్టుకుని ఆ గోడకి. అంత వేగంగా పరిగెత్తగలదని కన్న తల్లిని, నాకే తెలియదు.

బడి పెద్ద సిస్టర్ బెనెడిక్ట్ అని ఒక పొడుగాటి మనిషి. నన్ను గదిలోకి పిలిచి వివరాలు రాసుకుంటోంది. ఆన్సెల్మ్ వాకిట్లోనే ఉండిపోయాడు. ఓడిల్‌ని ఒక పెద్ద పిల్ల పడకగది చూపించడానికి తీసుకెళ్ళింది. పావుగంటకి నేను బయటికి వచ్చి, "ఈ ఏడు చోటు లేదట," అన్నాను. ఆన్సెల్మ్, "అయ్యో," అన్నాడు. ఓడిల్ నా మొహంలోకి చూసింది. ఏడవలేదు. "కిటికీ పక్క మంచం ఖాళీగా ఉంది, నేను చూశాను," అని మాత్రం అంది.

మర్నాడు పడవకి వచ్చేశాం. గోధుమలు దించి, ఖాళీ పడవతో ఎగువకి బయల్దేరాం. ఇంజను చప్పుడు చెవిన పడేసరికి నా ప్రాణం లేచివచ్చింది. పిల్లే వేరేగా ఉంది. ఎప్పుడూ పైన ఆడుకునేది, కింద గదిలో పొయ్యి పక్కన కూర్చుని కదలదు. రెండు చేతులూ తొడల కింద అదిమిపెట్టుకుని కూర్చుంటుంది. పైకి రమ్మంటే రాదు. లాకు దగ్గర లాకు కాపరి పెంపుడు మేకని చూపించినా రాలేదు. బడి బెంగ అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున జడ వేస్తుంటే మెల్లిగా అడిగింది.

"అమ్మా, మూర్ఛ వచ్చేముందు మనకి తెలుస్తుందా?"

"ఏం మూర్ఛ?"

"నాకు వచ్చేది. పైన ఉన్నప్పుడు వస్తే నీళ్ళలో పడిపోతాను కదా. అందుకే చేతులు గట్టిగా పట్టుకుంటున్నా."

అమ్మా, బడిలో జరిగింది నీకు సగమే రాశాను. మిగతాదీ రాస్తాను.

బడిలో చోటు ఉంది. ఆ సిస్టర్ కాగితం మీద ఓడిల్ పేరు, పుట్టిన తేదీ రాసుకుని, "పిల్లకి ఒంట్లో ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగింది. కిటికీలోంచి వాకిలి కనిపిస్తోంది. ఇందాక పిల్ల పరిగెత్తిన చోటు. నా నోట్లోంచి, "పక్క తడుపుతుంది," అని వచ్చింది. ఏనాడూ తడపలేదు, నీకు తెలుసు.

సిస్టర్ నవ్వింది. "మొదటి నెల అందరూ తడుపుతారమ్మా. మా దగ్గర దుప్పట్లకి కరువు లేదు."

ఆమె అలా నవ్వకుండా ఉంటే అక్కడితో ఆగేదాన్నేమో. "మూర్ఛలు కూడా వస్తాయి," అన్నాను. "నీలంగా అయిపోతుంది. నేను పక్కన లేకపోతే బతకదు." ఆమె కలం కింద పెట్టేసింది. డాక్టరు కాగితం లేకుండా చేర్చుకోలేమని నెమ్మదిగా చెప్పింది. నేను తల ఊపాను. ఆ తలుపు అవతల ఓడిల్ నిలబడి ఉందని నాకు తెలియదు. మంచం సంగతి నాకు చెప్పాలని పరిగెత్తుకొచ్చిందట.

ఆరేళ్ళ పిల్ల, నాలుగు రోజులు, తను చచ్చిపోతానేమోనని పొయ్యి పక్కన కూర్చుంది. నేను పైన చుక్కాని పట్టుకుని, పిల్ల నా దగ్గరే ఉందని సంతోషిస్తున్నాను.

దువ్వెన కింద పెట్టి దానికి అక్కడికక్కడే చెప్పేశాను. "నీకే జబ్బూ లేదు. అమ్మ అబద్ధం చెప్పింది."

"ఎందుకు?"

ఎందుకో నాకే సరిగ్గా తెలియదు. "నువ్వు లేకపోతే ఉండలేనని," అన్నాను. అది తొడల కిందనుంచి చేతులు తీసి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత ఏడ్చింది. భయం తీరి ఏడుస్తోందనుకుని దగ్గరికి తీసుకోబోతే నన్ను తోసేసి, "అయితే నా మంచం ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారు!" అని అరిచింది.

పైకి వెళ్ళి ఆన్సెల్మ్‌కి చెప్పాను. తిడతాడనుకున్నాను. చుక్కాని నా చేతికిచ్చి నది వైపు తిరిగాడు.

"చోటు లేదని నువ్వు అన్నావు చూడు," అన్నాడు, "నేను పైకి అయ్యో అన్నాను గానీ లోపల గంతులేశాను. మీ ఇద్దరికీ తెలియకూడదని మొహం అటు తిప్పుకున్నాను."

"మరి చేర్పిద్దాం చేర్పిద్దాం అని ఏడాదిగా నా ప్రాణం తీసింది నువ్వే కదా!"

"నాన్నలు అలాగే అనాలి కదా. నన్ను బడిలో పడేసినప్పుడు మొదటి నెలంతా గోడకున్న సున్నం గీక్కుని తిన్నాను, క్లో. అయినా అక్కడే లెక్కలొచ్చాయి, చదువొచ్చింది. ఏది మంచిదో నాకేం తెలుసు?"

చోటు లేదంటే మాలో సంతోషించని మనిషి ఆ పిల్ల ఒక్కతే.

నిన్న మాకాన్ చేరగానే రేవు ఆఫీసు నుంచి సిస్టర్‌కి ఫోన్ చేశాను. ఆఫీసు నిండా మనుషులు, అయినా చెప్పేశాను. పిల్లకి మూర్ఛలు లేవు, పక్క తడపదు, ఉన్న జబ్బల్లా నాదే అని. అవతల ఆమె కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"మీ అమ్మాయి పేరు నేను కొట్టెయ్యలేదు," అంది. "ఏడాదికి ఇద్దరో ముగ్గురో తల్లులు ఏదో ఒక జబ్బు చెప్తారు. కొందరు మళ్ళీ ఫోన్ చేస్తారు, కొందరు చెయ్యరు. చెయ్యని వాళ్ళ పిల్లలకోసమే నా దిగులంతా."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"అది నేను చెప్పను. జూన్ ఆఖరిదాకా కిటికీ పక్క మంచం అట్టే పెడతాను."

ఓడిల్‌కి చెప్తే తల ఊపింది, అంతే. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. పైకి మాత్రం వచ్చింది. మధ్యాహ్నం పడవ రేవులో ఆగి ఉండగానే నీ అల్లుడి పక్కన స్టూలెక్కి చుక్కాని పట్టుకుంది. దాన్ని చూస్తే పంపాలనిపిస్తుంది, దాన్ని చూస్తేనే పంపకూడదనీ అనిపిస్తుంది. రెండూ ఒకేసారి ఎలా అనిపిస్తాయమ్మా? ఆన్సెల్మ్‌ని అడిగితే నువ్వే చెప్పమంటాడు. పిల్ల సంగతి సరే, అది ఎప్పుడో తేల్చేసుకుంది.

ఒకటి అడుగుతాను, దాచకుండా రాయి. నలభై ఏడులో నన్ను బడి గేటు దగ్గర వదిలి వెళ్ళావు. నేను కమ్మీలు పట్టుకుని నిన్నే చూస్తున్నాను. మూల తిరిగేదాకా నువ్వు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నీతో ఎంత నవ్వినా, ఎంత మాట్లాడినా, ఆ ఒక్కదానికి ఇన్నేళ్ళూ నిన్ను క్షమించలేదు. నీకు నా మీద అంత ప్రేమ లేదేమో అనుకునేదాన్ని. ఇప్పుడు అనుమానంగా ఉంది. తిరిగి చూస్తే నన్ను ఎత్తుకుని పారిపోతావని భయపడ్డావా? లేకపోతే అమ్మయ్య అనుకుంటూ వెళ్ళావా? ఏదైనా సరే, నేను తట్టుకుంటాను.

పంపాలో వద్దో నువ్వేం చెప్పొద్దు. అది మేం తేల్చుకుంటాం. కానీ పంపితే సెప్టెంబరులో ఆ గేటు దగ్గర వెనక్కి చూడాలో వద్దో నాకు తెలియడం లేదు. అది నీకే తెలుసు.

ఇట్లు,
నీ జవాబు కోసం షాలోన్ రేవులో ఎదురుచూసే
నీ కూతురు
క్లోతిల్డ్