సాయిరాకి ఇప్పుడే చెప్పకు

నాయనా జోల్దోష్, నా రాత వంకర, తప్పులూ ఉంటాయి, ఏమీ అనుకోకు. సాయిరా చదవకూడదని ఈ ముక్క నీ షెడ్డు చిరునామాకి రాస్తున్నాను.

మన కుబాత్ పోయాడు. నువ్వు పంపిన కొత్త మోడల్ ఇంజను మా పాత జిగులి కారుకి చక్కగా అమిరింది. బ్రేకులు మాత్రం పాతవే. "అవీ మార్చరా" అంటే, "ముందు కొండ ఎక్కనీ నాన్నా, దిగడం ఎవరికి రాదు?" అని నవ్వాడు. దోలోన్ కనుమ దిగేటప్పుడే లోయలో పడ్డాడు. నీ తప్పేం లేదు, మనసులో పెట్టుకోకు. మంచుకి దారి మూసుకుపోయింది, ఫోను తీగ తెగింది. మట్టి చెయ్యడానికి మిమ్మల్ని పిలవలేకపోయాం.

ఇప్పుడు దారి తెరిచారు. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పి సాయిరాని తీసుకురా. బస్సులో నోరు జారకు. తోడబుట్టినవాడి చావు కబురు ఇంటికొచ్చాక పెద్దవాళ్లే చెప్పాలి కదా.

పాపకి దగ్గు తగ్గిందా? చెవులు కప్పి తీసుకురండి. మీరు చల్లగా ఉండాలి.

నుజ్జయిన కారు ఇంకా వాకిట్లోనే ఉంది. సాయిరా కంట పడకుండా కొట్టం వెనక్కి లాగించాలి, పెద్దవాళ్లని పిలిచి ఉంచాలి. ఏ రోజు వస్తారో వెంటనే జాబు రాయి.

మీ మామ ఎసెన్