పొత్తుకు నేను రాసిన మాట

రాఘవయ్యా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున మీ అమ్మాయి విమల ముసునూరు నుంచి వచ్చింది. ఇప్పుడు మీ పార్టీ పనులు తనే చూస్తోంది. ఢిల్లీ పెద్దలకు ఉత్తరం రాయాలట. "పొత్తుకి ఇంగ్లీషులో ఏం రాయాలి మాస్టారూ?" అని అడిగింది.

మండల ఎన్నికలప్పుడు నువ్వూ ఇదే అడిగావు. అవతలి పార్టీతో పొత్తు పెట్టుకుని, బాహాటంగానే కలిసి పోటీ చేస్తున్నామని రాయమన్నావు. లెక్కల మాస్టారినే అయినా ఇంగ్లీషు బాగా వచ్చినవాడినని నాకు పేరు. డిక్షనరీ తీయడానికి బద్ధకించి, వినడానికి గొప్పగా ఉందని 'కొల్యూజన్' అని రాసిచ్చాను. ఆ మాటకు అర్థం కుమ్మక్కు. నీ తప్పు నువ్వే ఒప్పుకున్నావంటూ ఢిల్లీ పెద్దలు నిన్ను పార్టీ పదవి నుంచి తీసేశారు.

"మీరు రాసింది సరిగానే ఉంది కదా మాస్టారూ?" అని నువ్వు అడిగే నాటికి నా తప్పు నాకు తెలుసు. అయినా సరిగానే ఉందన్నాను.

ఈ రోజు విమలకు 'అలయన్స్' అని రాసిచ్చి, జరిగిందంతా చెప్పేశాను.

"నాన్నకి తెలుసండీ," అంది విమల. "నూజివీడులో ఎవర్నో అడిగి తెలుసుకున్నారు. మాస్టారి దగ్గర ఈ మాట ఎత్తొద్దు, సిగ్గుపడతారు అని మా అందరికీ చెప్పారు."

అంతా తెలిసే, ఆ తర్వాత రెండు వేసవులు నువ్వే చిన్నరసాల బుట్ట మోసుకొచ్చి మా అరుగు మీద దించావు. నేను కాయ బాగుందని మాత్రమే అన్నాను.