మా బండిని కొండ కిందనే ఆపించుట గురించి

తిరువళ్లూరు మోటారు వాహనముల ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు,
పొదటూరుపేట నేతగాడు నాగలింగం వ్రాసుకొను అర్జీ.

తేది: 22-7-1983

అయ్యా,

విషయం: నా పేరున రిజిస్టరైన పాత డీజిలు పికప్ వ్యానుకు లారీ ఇంజను, లారీ గేరుపెట్టె బిగించియుండుట, బ్రేకులు మాత్రము పాతవే యుండుట, సదరు బండి రాబోవు ఆడి కృత్తిక పండుగకు జనముతో తిరుత్తణి కొండ ఎక్కబోవుట, దానిని తమరు అడ్డగించవలెనని కోరుట.

సొంత బండిని పట్టుకోమని సొంతదారే అర్జీ పెట్టుకోవడం తమరి ఆఫీసులో ఇంతకు ముందు జరిగి ఉండదు. నన్ను మతి చలించినవాడని అనుకోకుండా చివరి వరకు చదవమని ప్రార్థన. తెలుగులో రాయడానికి కూడా కారణం ఉంది. తమరు చిత్తూరు వైపు వారని విన్నాను. తమిళంలో అయితే తాలూకా ఆఫీసు ముందర అర్జీలు రాసే శేషాద్రి చేత రాయించాలి. శేషాద్రి రాసిన అర్జీ ఆఫీసుకు చేరేలోపల టీ అంగడికి చేరుతుంది.

1. సదరు వ్యాను మా వీధి నేతగాళ్లందరమూ కలిసి కొన్నది. తిరుత్తణి స్టేషను నుండి నూలు మూటలు తెచ్చుటకు, నేసిన లుంగీలు మార్కెట్టుకు చేర్చుటకు వాడుచున్నాము. బండి రిజిస్ట్రేషను పుస్తకం ఎవరో ఒకరి పేరున ఉండాలి గనుక, గొడవలకు పోనివాడని నా పేరు రాయించారు. కాబట్టి బండి నా పేరున ఉన్నది, నా మాటలో లేదు. తోలేది నా భార్య తమ్ముడు అరుణాచలం. వీధిలో మాట చెల్లేది పెద్దాయన జగన్నాథన్‌కు.

2. పోయిన ఏడాది ఆడి కృత్తికకు మురుగన్ మొక్కు కావళ్లతో కొండ ఎక్కుచుండగా సగం దారిలో బండి మొరాయించినది. కావళ్లు మోసేవాళ్లే వాటిని పక్కన దించి బండిని తోశారు. పక్క ఊరి వ్యాను హారను కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. వాళ్లు ఒక్క మాట అనలేదు, నవ్వారు, అంతే. ఆ నవ్వు మా వీధిలో ఏడాది పొడుగునా మగ్గాల చప్పుడు కంటే గట్టిగా వినిపించింది. పెద్ద ఇంజను వేయాలన్న మాట అక్కడ పుట్టింది.

3. మా వీధివారు ఏ పెద్ద పని తలపెట్టినా వీధి చివరి మురుగన్ గుడిలో పువ్వు అడుగుదురు. తెల్లపువ్వొకటి, ఎర్రపువ్వొకటి వేరువేరుగా ఆకుల్లో చుట్టి స్వామి ముందర వేస్తారు. చిన్నపిల్ల ఒక పొట్లం తీసి ఇస్తుంది. తెల్లదైతే సరే, ఎర్రదైతే వద్దు. సంబంధాలు, వైద్యాలు, కొత్త మగ్గాలు, అన్నీ ఇట్లాగే తేలుతాయి. నేనూ నమ్మినవాడినే. నా పెళ్లి కూడా తెల్లపువ్వే.

ఈసారి పొట్లం తీసింది నా కూతురు దేవకి. ఏడేళ్ల పిల్ల. ఇంజను మార్చవచ్చునా అని అడిగారు, తెల్లపువ్వు. గేరుపెట్టె మార్చవచ్చునా, తెల్లపువ్వు. మెకానిక్ చెంగయ్య అక్కడే ఉన్నాడు. "ఇంజను పెద్దదైతే బ్రేకు గూడా మార్చాల సామీ. లేకుంటే నిలబడదు. దాన్నీ అడగండి" అన్నాడు. అడిగారు. ఎర్రపువ్వు వచ్చింది.

తరువాత జగన్నాథన్ మామ అర్థం చెప్పాడు. "ఎక్కించేది ఇంజను, దించేది సామి. ఆయన పనిలో మనం చెయ్యి పెట్టగూడదని చెప్తా ఉండాడు." అందరూ చెంపలు వేసుకున్నారు. నేనూ వేసుకున్నాను.

4. తదుపరి మద్రాసు పాత ఇనుప సామాన్ల అంగళ్లలో లారీ ఇంజనొకటి, ఐదు గేర్ల పెట్టె ఒకటి కొనబడినవి. చోటు చాలక చెంగయ్య చట్రం అడ్డకమ్మీలు కోసి, వేరేవి వెల్డింగు చేసి రెండింటినీ కూర్చోబెట్టాడు. ఆ బరువుకు బండి ముందుభాగం కిందికి వంగిపోయింది. బ్రేకు మొదటిసారి తొక్కితే పెడలు నేలకు పోతుంది. రెండోసారి కొంచెం అడ్డం పడుతుంది. మూడోసారికి పట్టుకుంటుంది, అది కూడా దానికి మనసుంటే. ఇది చాలదన్నట్లు దిగుడులో మూడో గేరు తనంతట జారిపోతుంది. చెంగయ్య పని ముగించి చేతులు తుడుచుకుంటూ, "నేను బిగించినానని యాడా చెప్పొద్దండి" అని వెళ్లిపోయాడు. మళ్లీ మా వీధి వైపు రాలేదు.

గేరు జారకుండా అరుణాచలం ఒక ఉపాయం చేశాడు. పడుగు నూలు పేని తాడు చేసి గేరు కర్రను సీటు కాలికి కట్టాడు. "మన నూలు తెగుతుందా బావా?" అన్నాడు. తెగుతుందయ్యా. పొద్దున లేస్తే తెగిన పోగులు అతుక్కోవడమే మా బతుకు. ఆ సంగతి వాడికీ తెలుసు.

5. తొలి సవారీని గురించి విన్నవించునది. నూలు తేవడానికి తిరుత్తణికి బయలుదేరాము. అరుణాచలం, నేను, మా ఇద్దరి నడుమ గోనె పరుచుకుని దేవకి. పువ్వు తీసిన చెయ్యి గనుక పాప బండిలో ఉండాలని వీధివారి మాట. ఎక్కుడులో బండి ఆవును చూసిన కోడెలా దూకింది. నాకూ ఛాతీ ఉబ్బింది, దాచడం దేనికి. రైలు గేటు దగ్గరి దిగుడుకు వచ్చేసరికి గేటు వేసి ఉంది. అరుణాచలం బ్రేకు తొక్కాడు. మళ్లీ తొక్కాడు. పడుగు తాడు తెగింది, గేరు జారింది. వాడు స్టీరింగు పక్కకు తిప్పాడు. చెరకు తోటలోకి దూరిపోయి, గడలు చక్రాలకు చుట్టుకొని ఆగినాము. అప్పుడు రైలు పోయింది. అది పోతున్నంతసేపూ నేను దేవకి జుట్టులోంచి చెరకు ఆకులు తీస్తూ ఉన్నాను.

ఈ మాట తెలిస్తే వీధి భయపడుతుందని అనుకున్నాను. జగన్నాథన్ మామ తానే వచ్చి ఆ తోట గట్టున టెంకాయ కొట్టాడు. "చూసినావా నాగలింగం, బ్రేకు లేకనే సామి నిలబెట్టినాడు" అన్నాడు. ఆ దినం నుండి బండిలో కొండకు వస్తామనేవాళ్లు ఎక్కువయ్యారు. ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు కూడా పేర్లు చెప్పుకున్నారు. బ్రేకు పట్టి ఉంటే ఇంతమంది వచ్చేవాళ్లు కారు.

6. నా చేతనైన ప్రయత్నములు చేయలేదని తమరు తలంచగూడదు. తాళంచెవి దాచాను. అరుణాచలం తీగలు కలిపి స్టార్టు చేశాడు. చక్రాల గాలి తీశాను. పండగకు ముందే టైర్లు సరిచూడాలని గుర్తు చేసినందుకు నన్ను మెచ్చుకున్నారు. చివరకు ఇంట్లో నోరు విప్పాను. బ్రేకులు మార్చకుండా బండి కదలకూడదని నా భార్య రాజామణితో చెప్పాను.

"అట్లయితే మన పాప చెయ్యి తప్పంటావా?" అని అడిగింది.

కోపంగా అడగలేదయ్యా. భయంగా అడిగింది. ఆ భయం నాకు అప్పుడే అర్థమైంది. ఎర్రపువ్వు తప్పైతే ఆ తప్పు స్వామిది కాదు, తీసిన చేతిది. ఈ పిల్ల చెయ్యి మంచిది కాదని ఒకసారి వీధిలో పడితే, ఆ మాట దాని పెళ్లి దాకా, దాని బిడ్డల దాకా వెంట వస్తుంది. అందుచేత బండి మంచిదేనని నేను అందరిముందూ ఒప్పుకుంటున్నాను. ఒప్పుకున్నకొద్దీ కొండ దగ్గరవుతున్నది.

7. పై సంగతులు తమరి చట్టమునకు చాలవేమో నాకు తెలియదు. చాలేది ఒకటి ఉన్నది. పుస్తకంలో రాసిన ఇంజను నెంబరు వేరు, బండిలో ఉన్న ఇంజను నెంబరు వేరు. మార్పుకు అనుమతి అడగలేదు, పుస్తకంలో రాయించలేదు. ఇది నేరమని విన్నాను. ఈ నేరం పూర్తిగా నాదే. నన్ను పట్టుకొనండి, జుల్మానా వేయండి, లోపల పెట్టండి. బండి బయట ఉండకపోతే చాలు.

కావున కోరునది ఏమనగా, ఆడి కృత్తిక నాడు తమరు గాని, తమరి మనుషులు గాని కొండ దారి మొదట్లోనే నిలబడి మా బండిని ఆపవలెను. పైన ఆపితే ప్రయోజనం లేదు. ఎక్కడానికి దానికి ఏ కష్టమూ లేదు, లారీ ఇంజను. పైకి చేరిన తరువాత దిగడానికి ఆ ఒక్క దారే ఉన్నది, మలుపుల వద్ద చెరకు తోటలు లేవు. బండి ఆపిన వెంటనే మావాళ్లు విభూతి ఇస్తారు, పంచామృతం ఇస్తారు, పండగ పూట పోనీ సామీ అని కాళ్లు పట్టుకుంటారు. విభూతి పెట్టుకొనండి, పంచామృతం పుచ్చుకొనండి, బండిని మాత్రం వదలవద్దు. కారణం అడిగితే ఇంజను నెంబరు అని మాత్రమే చెప్పండి. బ్రేకు అన్న మాట తమరి నోట రాకూడదు. వస్తే అది పాప చేతి మీదికి పోతుంది.

ఒక వీధి జనం తమరి దయ మీద ఉన్నారని, వారికి ఆ సంగతి తెలియదని చిత్తగించి, తగిన ఉత్తరువులు దయచేయవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
తన బండి మీద తానే ఫిర్యాదు చేసుకొను
నాగలింగం

తా.క.: కవరు అంటించే ముందు మనసు ఆగలేదు. ఏం చేసేది, పుట్టినప్పటినుంచి ఉన్న అలవాటు. రెండు పొట్లాలు కట్టి, ఏమీ చెప్పకుండా దేవకి ముందర పెట్టాను. ఈ అర్జీ పంపవచ్చునా అని నా మనసులోనే అడిగాను. పాప ఒకటి తీసి ఇచ్చింది. ఎర్రపువ్వు.

"ఏమడిగినావు నాయనా?" అనింది. "ఊరికే" అన్నాను. "అయితే నేను ఒకటి చెప్తా. ఆ బండిలో ముందర కూచోను, భయమేస్తా ఉంది. అమ్మతో చెప్పినా, సామి బిడ్డవి నీకేం భయమనింది" అన్నది.

పువ్వు వద్దన్నది. అయినా పంపుతున్నాను. నా జన్మలో స్వామి మాట దాటడం ఇదే మొదలు. దీనికి ఏ శిక్ష ఉన్నా నా ఒక్కడి మీద పడాలని మొక్కుకుని కవరు అంటించాను.

ఇంకొకటి ముఖ్యం. తమరు బండి ఆపినప్పుడు ముందు సీట్లో పాప పక్కన నేనే ఉంటాను. తమరు అడిగితే, జగన్నాథన్ మామ వింటుండగా, రాజామణి చూస్తుండగా, బండి చాలా బాగుందని, ఏ లోపమూ లేదని, అర్జీ అంటే ఏమిటో తెలియదని చెబుతాను. స్వామి మీద ఒట్టు కూడా పెడతాను. ఆ మాటలు తమరు నమ్మవద్దు, ఈ కాగితాన్నే నమ్మండి. నాతో వాదించి పొద్దు పోగొట్టవద్దు.

ముందుగా పాపను దించవలెను.