అవ్వ నవ్వు ఎవరిది?

హైదరాబాదు,
జూన్ 3

స్వర్గీయ మునిరత్నం గారి కుటుంబ సభ్యులకు,

నమస్కారం. మా స్టూడియో తీస్తున్న ‘అవ్వా, గాడిదా’ కార్టూన్ సీరియల్ ఇరవై మూడో ఏట అడుగుపెడుతోంది. ఈ సందర్భంగా, ఇన్నేళ్లలో మాకు దూరమైన కళాకారులను తలచుకుంటూ ఒక ప్రత్యేక భాగం సిద్ధం చేస్తున్నాం. మొదటి రోజు నుంచీ గాడిదకు గొంతునిచ్చిన మునిరత్నం గారిని వాళ్ల వివరాలు అడుగుదామని నగరిలోని మీ ఇంటికి ఫోన్ చేస్తే దుర్వార్త తెలిసింది.

ఫోన్ తీసిన పెద్దావిడ చాలా నిబ్బరంగా మాట్లాడారు. “పైకి పోయినాడమ్మా. ఏడాదిగా పోవాల పోవాల అంటానే ఉన్నాడు. నిన్న పోయినాడు” అన్నారు. బాధపడ్డారా అని అడిగితే, “మోకాళ్ల నొప్పులు ఉండాయి గానీ, గోవిందా అనుకుంటా పోయినాడు” అన్నారు. ఆ మాట విని మా ఆఫీసులో కళ్లు తుడుచుకోని వాళ్లు లేరు.

దండ వేసిన ఫొటో ఒకటి, వారి చివరి మాటలు రెండు వాక్యాల్లో రాసి పంపగలరు. మీ దుఃఖంలో మేమూ భాగస్వాములం.

ఇట్లు,
పల్లవి
నివాళి భాగం బాధ్యురాలు

తా.క.: మా పాత రిజిస్టరులో రుషిమణి అనే మరో కళాకారిణి పేరుంది. ఊరు నగరి అని ఉంది గానీ చిరునామా లేదు. ఉన్నారో లేరో కూడా తెలియదు. మునిరత్నం గారు ఉండి ఉంటే ఆయన్నే అడిగేవాళ్లం.

*

నగరి,
జూన్ 8

పల్లవి గారికి మునిరత్నం నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. ఈ మాట అందరూ మర్యాదకు రాస్తారు. నేను వార్తగా రాస్తున్నాను.

నేను పైకి పోయిన మాట నిజం. తిరుపతి చుట్టుపక్కల పైకి పోవడమంటే తిరుమల కొండకు పోవడం. పోయినవాళ్లు మర్నాడు కిందికి దిగుతారు. నేనూ దిగాను. పోయిన ఏడు నా భార్య చంద్రకాంతమ్మ చనిపోయింది. ఏడాది తిరిగేదాకా కొండ ఎక్కకూడదు కాబట్టి ఆగాను. సంవత్సరీకం అయ్యాక అలిపిరి నుంచి నడిచి వెళ్లి గుండు చేయించుకుని వచ్చాను. మీతో ఫోన్లో మాట్లాడింది మా అక్క దేవకమ్మ. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. మోకాళ్లు ఇంకా నొప్పిగానే ఉన్నాయి.

మరమగ్గాల పని చూసుకుంటూనే నేను చాలా ఏళ్లు ఒక దినపత్రికకు నగరి వార్తలు రాశాను. మరణవార్త రాసేముందు శవాన్ని చూడాలి, కుదరకపోతే శవాన్ని చూసినవాడినైనా చూడాలి అని మా బ్యూరోలో చెప్పేవారు. మీ మేలు కోరి ఈ మాట చెబుతున్నాను.

ఇక అసలు విషయం. గాడిద ఓండ్ర పెట్టినప్పుడల్లా అవ్వ పడీ పడీ నవ్వుతుంది. ఆ నవ్వు మా చంద్రకాంతమ్మది. అప్పట్లో మీ రికార్డింగులు మద్రాసులో జరిగేవి. మొదటిదానికి పోతూ ఆమెను తోడు తీసుకుపోయాను. అద్దాల గదిలో నేను ఓండ్ర పెడుతుంటే బయట కూర్చుని ఆపుకోలేక నవ్వింది. ఆ నవ్వు బాగుందని మీవాళ్లు ఆమెను మైకు ముందు కూర్చోబెట్టి, నా చేత మళ్లీ ఓండ్ర పెట్టించి, రికార్డు చేసుకున్నారు. అవ్వ మాటలు వేరే నటివి. నవ్వు మాత్రం ఇప్పటికీ అదే.

చనిపోయినవాళ్ల వరుసలో నా పేరు తీసేసి, ఆమె పేరు పెట్టండి. నాకు మీ నుంచి కావలసింది ఇదొక్కటే.

ఇట్లు,
మునిరత్నం

తా.క.: దండ వేసిన ఫొటో అడిగారు. గుండుతో తీయించుకున్నది పంపుతున్నాను. దండ లేదు. చివరి మాటలు కూడా అడిగారు. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను.

మరో తా.క.: రుషిమణి అనే ఆవిడ మా వీధిలో ఎవరూ లేరు. ఊళ్లో విచారిస్తాను.

*

హైదరాబాదు,
జూన్ 12

గౌరవనీయులైన మునిరత్నం గారికి,

నమస్కారాలు, క్షమాపణలు. మీ ఉత్తరం చదివి ఆఫీసులో అందరం సంతోషించాం. మా దర్శకుడు ప్రతాప్ గారు మాత్రం గీసిన బొమ్మలను ఇంకోసారి తిరగేసి చూసుకున్నారు. గాడిద రెక్కలు కట్టుకుని మబ్బుల్లోకి ఎగిరిపోయే దృశ్యం అప్పటికే గీయించేశారు. చాలా బాగా వచ్చింది. ఎప్పటికైనా పనికొస్తుందని దాచిపెట్టారు. తప్పుగా అనుకోవద్దు.

మీ శ్రీమతి గారి విషయంలో ఒక చిక్కు ఉంది. మా రిజిస్టరులో ఇలా ఉంది: ‘అవ్వ నవ్వు – రుషిమణి, నగరి. మునిరత్నంతో వచ్చినావిడ.’ ఇన్నేళ్లుగా ప్రతి భాగం చివర మేం వేస్తున్నదీ ఆ పేరే.

మీ సొంత విషయాల్లోకి వచ్చే ఉద్దేశం మాకు లేదు. మీరు మద్రాసుకు ఎవరితో వచ్చారన్నది మేం అడగం. కానీ ఒకరి నవ్వుకు మరొకరి పేరు పెట్టలేం. రుషిమణి గారి ఆచూకీ మీకు తెలిసి, చెప్పడానికి ఇబ్బందిగా ఉంటే, కవరు మీద ‘రహస్యం’ అని రాసి పంపండి. నేనొక్కదాన్నే చదువుతాను. ఈ నెలాఖరుకు పేర్లన్నీ ఖాయం చేయాలి.

ఇట్లు,
పల్లవి

తా.క.: ఇకపై మీ ఇంటికి ఫోన్ చేయకూడదని ఆఫీసులో తీర్మానించాం. ఏదైనా ఉత్తరంలోనే.

*

నగరి,
జూన్ 16

అమ్మా పల్లవీ,

మీ ఉత్తరం వచ్చినప్పుడు నేను మగ్గాల షెడ్డులో ఉన్నాను. మా అక్క విప్పి చదివింది. మా అక్క కూడబలుక్కుని చదువుతుంది, పైకే చదువుతుంది. ఇక్కడ పైకి అంటే గట్టిగా అని అర్థం. వీధంతా విన్నది.

నేను ఇంటికి రాగానే జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“ఎవతిరా ఆ రుషిమణి?”

“నాకు తెలీదక్కా.”

“మద్రాసుకు ఎవతిని తోలుకోని పోయినావు?”

“చంద్రనే గదక్కా. బస్సెక్కించింది నువ్వే.”

“నేను బస్సెక్కించింది చంద్రని. ఆడ దిగింది రుషిమణి. నడాన ఏం జరిగిందో నువ్వే చెప్పాల.”

ఆ రోజు నుంచి మా ఇంట్లో రసంలో ఉప్పు లేదు. అడిగితే “రుషిమణిని ఏయమను” అంటోంది.

విచారణ ఫలితాలు. నగరిలో ఆ పేరుగల స్త్రీ లేదు, ఇంతకుముందూ లేదు. తపాలా ఆఫీసులో అడిగాను, చీరల కొట్లలో అడిగాను. పుత్తూరులో రుషి అని ఒకడున్నాడు, పంక్చర్లు వేస్తాడు. ఏకాంబరకుప్పంలో మణి అని ఒకడున్నాడు, ఇడ్లీలు వేస్తాడు. ఇద్దరూ మగవాళ్లే. అయినా వదలకుండా ఇద్దరి ముందూ ఓండ్ర పెట్టి, నవ్వించి చూశాను. ఆ నవ్వు కాదు.

ప్రతి భాగం చివర ఆ పేరు వేస్తున్నామన్నారు. చివర్లో పేర్లు పరుగెత్తుతాయి. నేను గాని, చంద్రకాంతమ్మ గాని ఏనాడూ వాటిని పట్టుకోలేకపోయాం. నవ్వు వినిపించగానే ఆమె “అదిగో, నేను” అనేది. అక్కడితో మాకు సీరియల్ అయిపోయినట్టే.

ఒక్క మాట. మా ఇంట్లో ఆమె ఫొటోలు నాలుగు ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ నవ్వలేదు. ఫొటో అంటే ఆమెకు భయం, బిగుసుకుపోయేది. ఆమె నవ్వు మీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. అది కూడా వేరొకరి పేరు మీద పోతే నేను ఊరుకోలేను.

ఇట్లు,
మునిరత్నం

తా.క.: కవరు మీద ‘రహస్యం’ అని రాయమన్నారు. మీ ఉత్తరం తర్వాత మా వీధిలో నాకు రహస్యాలు మిగల్లేదు.

*

హైదరాబాదు,
జూన్ 21

గౌరవనీయులైన మునిరత్నం గారికి,

నమస్కారం. మీ ఉత్తరాన్ని ప్రతాప్ గారికి చదివి వినిపించాను. ఫొటోల సంగతి దగ్గర ఆయన ఆపమన్నారు. పాత టేపులన్నీ వెతికించమన్నారు. మా సౌండ్ ఇంజినీరు యోగానంద గారు వెతికి, మొదటి రోజు టేపు పట్టుకున్నారు. నవ్వుకు ముందు కొన్ని మాటలు ఉన్నాయి. టేపు మధ్యలో మొదలవుతుంది. ఉన్నది ఇంతే:

మగ గొంతు: “పేరు చెప్పమ్మా, రాసుకోవాలి.”

ఆడ గొంతు: “అయ్యో! నేనెట్ల చెప్పేది?”

మగ గొంతు: “సిగ్గెందుకమ్మా, చెప్పండి.”

ఆడ గొంతు: “నోటితో చెప్పే పేరా అది! సరే, నువ్వే సూసుకో. రుషి. దాని ఎనకాల మణి.”

మగ గొంతు: “రుషిమణి. సరే.”

ఆ తర్వాత మీ ఓండ్ర, ఆ నవ్వు.

కాబట్టి పేరు ఆవిడే స్వయంగా చెప్పారు. తన పేరు చెప్పుకోవడానికి ఎందుకంత మొహమాటపడ్డారో మాకు అర్థం కాలేదు. నోటితో చెప్పలేనంత చెడ్డ పేరేమీ కాదు. ఏమైనా, రికార్డు స్పష్టంగా ఉంది. నివాళిలో ‘రుషిమణి’ అనే వేయక తప్పదు. మీకు బాధ కలిగిస్తే మన్నించండి.

ఆ భాగాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి జత చేశాను. గొంతు ఎవరిదో విని చెప్పండి.

ఇట్లు,
పల్లవి

తా.క.: మీ ఇంట్లో రసంలో ఉప్పు పడేందుకు మా స్టూడియో తరఫున ఒక ధ్రువపత్రం ఇవ్వగలమేమో అడిగాను. అలాంటి నమూనా మా దగ్గర లేదన్నారు.

*

నగరి,
జూన్ 25

చిరంజీవి పల్లవికి మునిరత్నం ఆశీస్సులు.

పెన్‌డ్రైవ్‌ను టీవీకి పెట్టి విన్నాను. గొంతు మా చంద్రకాంతమ్మది. ఏడాది తర్వాత విన్నాను. ఒకసారి విని ఆపేశాను. మీరు రాసిన మాటలూ, టేపులో మాటలూ ఒకటే. తేడా లేదు. అయినా రుషిమణి ఎవరో నాకు తట్టలేదు. రెండోసారి పెట్టేసరికి మా అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. నుదురు కొట్టుకుంది.

“ఓరి తిక్కోడా! రుషి అంటే ఎవర్రా?”

“తపస్సు చేసేవాడు.”

“వాణ్ణి ఇంకేమంటారు?”

“ముని.”

“మణి అంటే?”

“రత్నం” అంటూ టీవీ ఆపేశాను.

“నీ పేర్రా! ఆ యమ్మ నీ పేరు చెప్పింది. మొగుని పేరు నోటితో ఎట్ల చెప్తాది? పలికితే నీ ఆయుస్సు తగ్గిపోదా? అందుకని తిప్పి చెప్పింది. ఆ రాసుకొనేటోడికి తెలివుంటే గదా!”

అమ్మా, మా వైపు పాతకాలపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. ఎవరైనా అడిగితే ఇలా చుట్టు తిప్పి చెబుతారు. రేషన్ కార్డు రాయించినప్పుడు కూడా ఆమె “రుషి, మణి” అనే చెప్పిందని అక్క ఇప్పుడు చెబుతోంది. అక్కడి గుమాస్తా నగరి వాడు, కాబట్టి ‘మునిరత్నం’ అని సరిగ్గానే రాసుకున్నాడు. మద్రాసులో ఆమె ఆ మాట చెప్పినప్పుడు నేను పక్కన లేను. మీ అబ్బాయి అంతకుముందు ఏం అడిగాడో టేపులో లేదు. మీ ఆయన పేరేమని అడిగాడో, ఈమే అలా అనుకుందో నాకు తెలియదు. తెలియనిది నేను రాయను. ఆమె ఏం చెప్పిందో మాత్రం ఇప్పుడు తెలిసింది.

రుషిమణి దొరికాడు. ఇన్నాళ్లూ నగరి, పుత్తూరు తిరిగి నేను వెతికింది నన్నే.

నివాళిలో ఇలా వేయండి: ‘చంద్రకాంతమ్మ, నగరి. అవ్వ నవ్వు.’ దాని కింద చిన్న అక్షరాల్లో ‘రుషిమణి’ అన్న పేరు అలాగే ఉంచండి, తీయవద్దు. మా కాపురం మొత్తం మీద ఆమె నా పేరు చెప్పగా నేను విన్నది ఆ టేపులోనే.

చనిపోయినవాళ్ల వరుసలో నా పేరు ఉండకూడదని మొదటి ఉత్తరంలో గట్టిగా రాశాను. ఇప్పుడు ఉండాలని కోరుతున్నాను. మీ ఆఫీసు మొదట పంపిన వార్తను ఖండించినందుకు నన్ను మన్నించాలి.

ఈ రోజు రసంలో ఉప్పు పడింది. కొంచెం ఎక్కువే పడింది.

ఇట్లు,
రుషిమణి

తా.క.: నా పేరు పలక్కుండా ఆమె బతికినన్నాళ్లూ కాపాడుకొచ్చిన ఆయుష్షును మీరు ఒక్క ఫోన్‌తో తేల్చేశారు. ఆమె ఉండి ఉంటే మిమ్మల్ని తిట్టేది. తర్వాత నవ్వేది.

మరో తా.క.: నివాళి వచ్చే ఆదివారం దయచేసి మా ఇంటికి ఫోన్ చేయకండి. అక్క తీస్తుంది, “పైన ఉండాడు” అంటుంది. మా టీవీ మేడ మీద ఉంది.