సిలిండర్ కాడ కర్పూరం వద్దు

అత్తమ్మా,

ఎయిర్‌పోర్ట్ కార్గోల నైట్ డ్యూటీకి పోతున్న. లోపలికి ఫోన్ తీస్కపోనియ్యరు, అందుకే రాసిపెడుతున్న. నీ కొడుకుకు రోజులెక్కనే రాత్రి మూడు గంటలకు తలనొప్పి లేస్తది. కుడికన్ను ఎర్రబడి నీళ్లు కారుడు షురువైతే వెంటనే ఆక్సిజన్ మాస్క్ పెట్టు. సిలిండర్ మీటర్ పన్నెండు కాడ ఉండాలె. పదిహేను నిమిషాలదాంక మాస్క్ తియ్యనియ్యకు. పండుకోమని చెయ్యి పట్టి గుంజకు, పండుకుంటే ఇంకింత ఎక్కువైతది. కూసొని ఊగినా ఊగనియ్యి.

నిన్న సిలిండర్ పక్కన్నే కర్పూరం ముట్టిచ్చి దిష్టి తీసినవ్. జరైతే ఇల్లంత భగ్గుమనేది. తియ్యాలనిపిస్తే ఉప్పుతోని తియ్యి, నిప్పు మాత్రం వద్దు.

తగ్గకపోతే పాల్మాకులల ఉన్న మీ తమ్మునికి ఫోన్ చెయ్యి, ఆటో తీస్కొని వస్తడు. నీ కొడుకు ముంగట మాత్రం నాటకాలు ఆడుతున్నడని అనకు. మొన్న నువ్వు పక్కింట్ల అన్నది ఆయన విన్నడు.

ప్రసన్న

నా చెయ్యి వాచింది బస్సు డోర్ తగిలి కాదు, నీకు అబద్ధం చెప్పిన. ఆయన గోడకు తల కొట్టుకుంటుంటే నడుమ పెట్టిన. ఇయ్యాల ఆ గోడకు మెత్త కట్టి పోతున్న. నువ్వు చెయ్యి పెట్టకు.